బిడ్డ పుట్టిన తర్వాతి నిమిషం: కాన్పు రక్తస్రావాన్ని నివారించే మందులు ఎలా పనిచేస్తాయి, ఎక్కడ విఫలమవుతాయి

క్లుప్తంగా: కాన్పు తర్వాత అధిక రక్తస్రావం కాకుండా బిడ్డ పుట్టిన వెంటనే ప్రతి తల్లికీ ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. చల్లగా నిల్వ చేయకపోతే ఈ మందు బలం తగ్గుతుంది. శీతల నిల్వ లేని చోట మిసోప్రోస్టాల్ మాత్రలు, వేడిని తట్టుకునే కార్బెటోసిన్ ప్రత్యామ్నాయాలు. ట్రనెక్సామిక్ ఆమ్లం ప్రధానంగా చికిత్సకు ఉపయోగపడే మందు. విశాఖ నగరం నుంచి పాడేరు ఏజెన్సీ వరకు చూస్తే, ఏ మందు మేలైనదన్న ప్రశ్న కంటే ఆ నిమిషంలో ఆ గదిలో బలం తగ్గని మందు ఉందా అన్నదే ఎక్కువ ప్రాణాలను నిర్ణయిస్తోంది.

ఒకే ఇంజెక్షన్‌పై మూడు సందేహాలు

బిడ్డ ఏడుపు వినిపించిన మరుక్షణం నర్సు తల్లి తొడకు ఒక ఇంజెక్షన్ ఇవ్వాలి. విశాఖపట్నంలో పెద్దాసుపత్రిగా పేరుపడ్డ కింగ్ జార్జ్ ఆస్పత్రి అయినా, పాత నగరంలో ఘోషాసుపత్రి అని పిలిచే ప్రభుత్వ విక్టోరియా ఆస్పత్రి అయినా, ఏజెన్సీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అయినా పాటించవలసిన పద్ధతి ఇదే. అయితే కేస్ షీట్‌లో ఆక్సిటోసిన్ అనే పేరు కనిపించగానే బంధువులకు సాధారణంగా మూడు సందేహాలు వస్తాయి. నొప్పులు రావడానికి ఇచ్చే ఇంజెక్షన్‌ను కాన్పయ్యాక ఎందుకు ఇస్తున్నారన్నది మొదటిది. గేదెలు పాలు చేపడానికి దొంగచాటుగా పొడిచే మందు ఇదే కదా అన్నది రెండోది. పురిటిలో చెడు రక్తం పోతేనే మంచిదంటారు, దానిని మందుతో ఆపడం ఎందుకన్నది మూడోది.

మూడింటికీ సమాధానం ఒకే శరీర ధర్మంలో ఉంది. ఆక్సిటోసిన్ మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి సహజంగా విడుదలయ్యే హార్మోన్. అది గర్భసంచి కండరాన్ని ముడుచుకునేలా చేస్తుంది, పాల గ్రంథుల చుట్టూ ఉన్న సన్నని కండరాలనూ నొక్కుతుంది. పాడి పశువుల విషయంలో జరుగుతున్నది ఈ రెండో గుణాన్ని దుర్వినియోగం చేయడమే. ప్రసవంలో ఉపయోగపడేది మొదటి గుణం. నొప్పుల దశలో ఈ మందును సెలైన్‌లో కలిపి, చుక్కల వేగాన్ని లెక్కపెడుతూ ఇస్తారు. నొప్పికీ నొప్పికీ నడుమ గర్భసంచి సడలితేనే లోపలి బిడ్డకు ప్రాణవాయువు అందుతుంది కాబట్టి ఆ జాగ్రత్త తప్పనిసరి. బిడ్డ బయటికి వచ్చాక ఆ సడలింపుతో పని లేదు సరికదా, అదే ప్రమాదం. అందువల్ల ప్రసవానికి ముందు కండరానికి ఇస్తే గర్భసంచి చిరిగిపోవడానికో, బిడ్డ ఊపిరాడక మరణించడానికో దారితీయగల 10 యూనిట్ల మోతాదే, బిడ్డ పుట్టిన తర్వాత తల్లిని కాపాడే మోతాదు అవుతోంది.

చెడు రక్తం విషయానికి వస్తే, పచ్చి బాలింతకు కొద్ది వారాల పాటు క్రమంగా తగ్గుతూ వచ్చే స్రావం సహజమే, ఈ ఇంజెక్షన్ దానిని ఆపదు. తొలి 24 గంటల్లో, అందులోనూ తొలి రెండు గంటల్లో, ఒక్కసారిగా పోయే రక్తం వేరు. అది తల్లి ఒంట్లో ప్రవహిస్తూ ఉండవలసిన మంచి రక్తమే.

గర్భసంచి తన గాయాన్ని తానే కట్టుకునే తీరు

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి సుమారు 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం చేరుతుంది. మాయ ఊడిన చోట అరచేయంత మేర రక్తనాళాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. అంత పెద్ద గాయం శరీరంలో మరెక్కడ ఏర్పడినా రక్తం గడ్డకట్టి ఆగేలోపే ప్రాణం పోతుంది. గర్భసంచి గోడలో కండర పోగులు నులక మంచం అల్లికలా ఒకదానిమీదుగా మరొకటి సాగుతాయి, రక్తనాళాలు వాటి సందుల్లోంచి వెళ్తాయి. కండరం గట్టిగా ముడుచుకుంటే ఆ సందులు బిగిసి, ప్రతి నాళానికీ ముడి వేసినట్టవుతుంది. రక్తం గడ్డకట్టడం ఆ తర్వాత మొదలయ్యే పని.

ముడుచుకోవలసిన కండరం మెత్తగా వదులుగా ఉండిపోతే ముడి పడదు. కాన్పు తర్వాతి అధిక రక్తస్రావాల్లో దాదాపు 70 శాతానికి కారణం ఇదే. మిగిలినవాటిలో మాయ ముక్క లోపలే ఉండిపోవడం, జననాంగంలో చిరుగులు పడడం, రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతినడం ముఖ్యమైనవి. నివారణ మందు ప్రధానంగా మొదటి కారణం మీద పనిచేస్తుంది. చిరుగు నుంచి కారే రక్తాన్ని ఆక్సిటోసిన్ ఆపలేదు, దానికి కుట్టే పరిష్కారం. ఇంజెక్షన్ ఇచ్చినా రక్తం పోయిందన్న ప్రతి సందర్భంలోనూ మందు నకిలీదనో, సిబ్బంది ఇవ్వలేదనో నిర్ధారణకు రాలేకపోవడానికి ఇది ఒక కారణం.

కవల పిల్లలు, బిడ్డ బరువు ఎక్కువ కావడం, ఉమ్మనీరు అధికంగా ఉండడం, నొప్పులు గంటల తరబడి సాగడం, గత కాన్పులో ఇదే సమస్య రావడం వంటివి ముప్పును పెంచుతాయి. కానీ అధిక రక్తస్రావానికి గురయ్యే తల్లుల్లో చాలామందికి ఇలాంటి ముందస్తు సూచన ఏదీ ఉండదు. ఎవరికి వస్తుందో ముందే చెప్పగలిగితే వారికి మాత్రమే మందు ఇచ్చేవారు, చెప్పలేరు కాబట్టే అందరికీ ఇస్తున్నారు. సహజ ప్రసవం సాఫీగా జరిగింది కదా, ఇక ఇంజెక్షన్ ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇదే. ఈ తరగతి మందులు ఇవ్వని తల్లులతో పోలిస్తే ఇచ్చినవారిలో అర లీటరుకు మించిన రక్తస్రావం దాదాపు సగానికి తగ్గుతుందని ఇప్పటివరకు జరిగిన పరీక్షల సారాంశం చెబుతోంది.

బూజు పట్టిన ధాన్యం నుంచి

ఈ మందుల చరిత్ర యూరప్‌లో రై ధాన్యానికి పట్టే ఎర్గాట్ అనే బూజుతో మొదలవుతుంది. సజ్జ కంకులకు తేనెబంక తెగులు తెచ్చేది కూడా ఇదే ప్రజాతికి చెందిన మరో బూజు. 1808లో అమెరికా వైద్యుడు జాన్ స్టెర్న్స్ ఎర్గాట్ పొడితో ప్రసవం త్వరపడుతుందని రాశాడు. కొన్నేళ్లకే కడుపులో బిడ్డలు చనిపోతున్న సంగతి బయటపడింది. 1824లో డేవిడ్ హోసాక్ దీనిని మృత్యు చూర్ణమని హెచ్చరించి, బిడ్డ పుట్టాక రక్తం ఆపడానికి మాత్రమే వాడాలన్నాడు. ముందు ఇస్తే ముప్పు, తర్వాత ఇస్తే రక్ష అన్న సూత్రం అప్పటికే తెలుసునన్నమాట. 1906లో హెన్రీ డేల్ పీయూష గ్రంథి సారానికి గర్భసంచిని ముడిచే శక్తి ఉందని గుర్తించాడు. 1935లో ఎర్గాట్ నుంచి ఎర్గోమెట్రిన్‌ను వేరుచేశారు. 1953లో విన్సెంట్ డు విన్యో ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసి, 1955లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నాడు. తొమ్మిది అమైనో ఆమ్లాల ఆ చిన్న గొలుసే ఈనాటికీ నివారణలో మొదటి ఎంపిక.

ఆక్సిటోసిన్‌కే మొదటి స్థానం ఎందుకు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సవరించిన సిఫారసుల ప్రకారం ప్రతి ప్రసవంలోనూ, సిజేరియన్ అయినా సరే, గర్భసంచిని ముడిచే మందు ఒకటి ఇవ్వాలి. అందులో ఆక్సిటోసిన్ 10 యూనిట్లకు ప్రాధాన్యం. కండరానికి ఇస్తే కొద్ది నిమిషాల్లోనే పని మొదలవుతుంది. రక్తపోటు ఉన్నవారికీ, ఉబ్బసం ఉన్నవారికీ ఇవ్వవచ్చు. మోతాదు మించనంత వరకు దుష్ప్రభావాలు స్వల్పం. అయితే రక్తనాళంలోకి ఒక్క ఊపున ఎక్కిస్తే రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆ దారిన ఇచ్చేటప్పుడు నెమ్మదిగా ఇవ్వాలి.

రెండు పరిమితులు గుర్తుంచుకోవాలి. రక్తంలో ఆక్సిటోసిన్ నిమిషాల్లోనే విచ్ఛిన్నమవుతుంది, అందుకే సిజేరియన్లలోనూ, ముప్పు ఎక్కువ ఉన్నవారికీ సెలైన్ ద్వారా కొనసాగించవలసి వస్తుంది. ఇక నొప్పుల కోసం గంటల తరబడి ఇదే మందు ఎక్కించుకున్న తల్లి విషయంలో గర్భసంచిలో మందును అందుకునే గ్రాహకాలు దానికి మొద్దుబారతాయి. నొప్పులు రావాలని అదే పనిగా మందు పెంచుకుంటూ పోయిన చోట, తర్వాత రక్తం ఆపవలసిన వేళకు అదే మందు మునుపటంత పనిచేయదు. నొప్పుల ఇంజెక్షన్‌ను అవసరానికి మించి వాడకూడదనడానికి ఉన్న కారణాల్లో బంధువులకు అంతగా తెలియనిది ఇదే. త్వరగా కాన్పు చేయించమని వైద్య సిబ్బందిని తొందరపెట్టే అలవాటు ఉన్న చోట ఇది చిన్న విషయం కాదు.

ఇంజెక్షన్‌తో పాటు, మాయ తీసేటప్పుడు శిక్షణ పొందినవారు ఒక చేత్తో గర్భసంచిని ఆనించి పట్టి, రెండో చేత్తో బొడ్డుతాడును నియమంగా లాగడం, తర్వాత పొత్తికడుపు మీద చేయిపెట్టి గర్భసంచి గట్టిపడిందో లేదో పదేపదే చూడడం కూడా నివారణలో భాగాలే. ఇంజెక్షన్ ఇచ్చామంటూ బొడ్డుతాడును హడావిడిగా కత్తిరించనవసరం లేదు. ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే బిడ్డకు అదనపు రక్తం చేరుతుంది.

ఫ్రిజ్‌లో మొదలయ్యే వైఫల్యం

ఆక్సిటోసిన్‌కు పెద్ద శత్రువు వేడి. దానిని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ చేయాలి. గది వేడిలో వారాల తరబడి ఉంచితే రోజురోజుకూ కొంత బలం పోతుంది. ఆంప్యూల్ అనే చిన్న గాజు గొట్టంలోని మందు రంగు మారదు, మడ్డి కట్టదు, గడువు తేదీ కూడా అదే ఉంటుంది. పోలియో చుక్కల సీసా వేడికి గురైతే దాని మీది చతురస్రం రంగు మారి ఆరోగ్య కార్యకర్తను హెచ్చరిస్తుంది, ఆక్సిటోసిన్ ఆంప్యూల్‌పై సాధారణంగా అలాంటి గుర్తు ఉండదు. అందుకే పది యూనిట్లు ఇచ్చామని రాసుకున్న చోట తల్లికి అందినది అంతకంటే ఎంతో తక్కువ అయి ఉండవచ్చు, ఆ సంగతి ఎవరికీ తెలియదు కూడా.

విశాఖ తీరంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉండే ఉక్కపోత ఎలాంటిదో తెలిసిందే. నగరంలోని పెద్ద ఆస్పత్రుల్లో ఫ్రిజ్‌కు లోటు ఉండకపోవచ్చు. సమస్య సాధారణంగా మధ్యలో ఉంటుంది: తయారీదారు నుంచి జిల్లా గిడ్డంగికి, అక్కడి నుంచి ఆరోగ్య కేంద్రానికి సాగే ప్రయాణంలో, ప్రసవ గదిలో ట్రే మీద రోజుల తరబడి సిద్ధంగా ఉంచిన ఆంప్యూల్స్‌లో, కరెంటు పోయిన రాత్రుల్లో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు నగరంలోని చాలా ప్రాంతాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తుపాను వచ్చిందని కాన్పులు ఆగవు. అలాంటి వారంలో ఫ్రిజ్‌లో మిగిలిన ఆక్సిటోసిన్‌ను కరెంటు వచ్చాక మామూలుగానే వాడేశారా, పక్కన పెట్టారా అన్నది తీరప్రాంతంలోని ప్రతి ఆస్పత్రీ ముందే నిర్ణయించి పెట్టుకోవలసిన విషయం.

టీకాల కోసం దేశమంతటా ఏర్పడిన శీతల సరఫరా వ్యవస్థలోనే ఆక్సిటోసిన్‌కూ చోటివ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెబుతున్నాయి. టీకాల విషయంలో పాటించే ఉష్ణోగ్రత నమోదు, చల్లగా మోసుకెళ్లే పెట్టెల వాడకం వంటి క్రమశిక్షణ కాన్పు మందుకూ వర్తిస్తే ఈ సమస్యలో పెద్ద భాగం తీరిపోతుంది. కొత్త పరికరం అవసరం లేని ఈ మార్పుకు దక్కవలసినంత ప్రాధాన్యం దక్కలేదనే చెప్పాలి.

కొండ దారికి మాత్ర

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇప్పటికీ వాహనం చేరని ఆవాసాలు ఉన్నాయి. అక్కడి గర్భిణిని డోలీలో మోసుకువచ్చి రోడ్డు దగ్గర అంబులెన్స్ ఎక్కించవలసి వస్తుంది. కొన్ని కాన్పులు దారిలోనే జరిగిపోతాయి. నెలలు నిండకముందే గర్భిణులను తీసుకువచ్చి ఉంచే వసతి గృహాలు ఈ పరిస్థితికి వచ్చిన మంచి జవాబు. అయినా ప్రతి తల్లీ ఇల్లు, పిల్లలు, పంట వదిలి రాలేదు.

ఇలాంటి చోట్ల మిసోప్రోస్టాల్ ప్రాధాన్యం పొందింది. కడుపులో పుండ్ల చికిత్సకు వచ్చిన ఈ మందు గర్భసంచినీ ముడుచుకునేలా చేస్తుంది. సూది అక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. తేమ తగలకుండా అల్యూమినియం పొరలో ఉంచితే చాలు. నివారణ మోతాదు 600 మైక్రోగ్రాములు, అంటే 200 మైక్రోగ్రాముల మాత్రలు మూడు, బిడ్డ పుట్టిన వెంటనే నోటి ద్వారా.

దీనికి బలమైన ఆధారాల్లో ఒకటి మన పొరుగు రాష్ట్రం నుంచే వచ్చింది. కర్ణాటకలోని బెళగావి జిల్లా గ్రామాల్లో ఏఎన్‌ఎంలు చేయించిన 1,620 కాన్పులపై జరిగి, 2006లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 12 శాతం మందికి అధిక రక్తస్రావం కాగా మిసోప్రోస్టాల్ తీసుకున్నవారిలో అది 6.4 శాతమే. లీటరు మించిన రక్తస్రావం 1.2 శాతం నుంచి 0.2 శాతానికి తగ్గింది. అంటే 18 మందికి మాత్ర ఇస్తే ఒకరికి అధిక రక్తస్రావం తప్పింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని ఈ ప్రయోజనానికి అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఇళ్ల వద్ద కాన్పులు ఎక్కువగా జరిగే ప్రాంతాల్లో గ్రామ స్థాయిలో దీనిని అందించేందుకు 2013లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది.

ఆక్సిటోసిన్‌తో నేరుగా పోల్చినప్పుడు మాత్ర కొంత వెనకబడుతుంది. చలి, వణుకు, జ్వరం చాలామందికి వస్తాయి. బాలింతకు ఒళ్లు వణికితే ఇంటివారు గాలి సోకిందనో, సూతిక జ్వరమనో భయపడతారు కాబట్టి ముందే చెప్పి ఉంచడం అవసరం. అంతకంటే ముఖ్యమైన జాగ్రత్త వేళ. బిడ్డ కడుపులో ఉండగా ఈ మోతాదు వేసుకుంటే గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది. ఒక బిడ్డ పుట్టిన తర్వాత కూడా లోపల రెండో బిడ్డ లేదని నిర్ధారించుకున్నాకే మాత్ర ఇవ్వాలి. ఇదే మందు గర్భస్రావానికీ ఉపయోగపడుతుంది కాబట్టి అమ్మకంపై నియంత్రణ ఉంటుంది. ఆ నియంత్రణ అవసరమే, అయితే దాని భారం ఆరోగ్య ఉపకేంద్రం బీరువాలో ఉండవలసిన మూడు మాత్రల మీద పడకూడదు.

వేడిని తట్టుకునే ఇంజెక్షన్

కార్బెటోసిన్ ఆక్సిటోసిన్ నమూనాలోనే తయారైన మందు. శరీరంలో ఎక్కువసేపు నిలుస్తుంది. దాని పాత రూపానికీ ఫ్రిజ్ కావలసి వచ్చేది. 30 డిగ్రీల వద్ద ఏళ్ల తరబడి బలం కోల్పోని కొత్త రూపాన్ని భారత్ సహా 10 దేశాల్లోని 23 ఆస్పత్రుల్లో 29,645 మంది తల్లులపై పరీక్షించారు. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం అర లీటరు రక్తం పోవడమో, అదనపు మందు అవసరం కావడమో కార్బెటోసిన్ తీసుకున్నవారిలో 14.5 శాతం, ఆక్సిటోసిన్ తీసుకున్నవారిలో 14.4 శాతం. రెండూ సమానమేనన్నమాట. 2019లో ఇది కూడా అత్యవసర మందుల జాబితాలోకి చేరింది.

ఈ ఫలితాన్ని చదవడంలో ఒక సూక్ష్మం ఉంది. ఆ పరీక్షలో వాడిన ఆక్సిటోసిన్‌ను నియమం ప్రకారం చల్లగా నిల్వ చేశారు. అంటే కార్బెటోసిన్ సాటివచ్చింది బలం తగ్గని ఆక్సిటోసిన్‌తో. ఎండలో మగ్గిన ఆక్సిటోసిన్‌తో పోల్చితే దాని ప్రయోజనం మరింత కనిపించే అవకాశం ఉంది. శీతల నిల్వ పక్కాగా ఉన్న నగర ఆస్పత్రి ఆక్సిటోసిన్‌ను వదులుకోవలసిన కారణం ఈ లెక్కల్లో కనిపించదు, ఘాట్ రోడ్డు పైనున్న కేంద్రానికి మాత్రం కొత్త మందును పరిశీలించే కారణం బలంగా ఉంది. దీనికి షరతులు రెండు. ధర ఆక్సిటోసిన్‌కు దగ్గరగా ఉండాలి. రెండోది, కార్బెటోసిన్ ప్రసవానికి ముందు ఏ పరిస్థితిలోనూ ఇవ్వకూడని మందు. ఒకే ట్రేలో రెండు రకాల ఆంప్యూల్స్ ఉంటే పొరపాటున నొప్పుల కోసం ఇది సెలైన్‌లో చేరే ప్రమాదం ఉంటుంది. మందును ప్రవేశపెట్టే ముందు విడిగా నిల్వ, విడి శిక్షణ ఏర్పాటు చేయవలసిందే.

మిథర్జిన్ పేరుతో పరిచితమైన మిథైల్ ఎర్గోమెట్రిన్ కూడా బాగా పనిచేస్తుంది కానీ రక్తపోటును పెంచుతుంది, కాబట్టి బీపీ, గుర్రపువాతం ఉన్న తల్లులకు ఇవ్వరు. దానికీ చల్లదనం కావాలి, వెలుతురు తగలకూడదు. కార్బోప్రోస్ట్ మొదటి మందు పని చేయనప్పుడు వాడేది, ఉబ్బసం ఉన్నవారికి పనికిరాదు.

నివారణ వేరు, చికిత్స వేరు

ట్రనెక్సామిక్ ఆమ్లం గురించి ఇటీవల ఎక్కువగా వినిపిస్తోంది. జపాన్ శాస్త్రవేత్త ఉతాకో ఒకామోతో 1960ల తొలినాళ్లలో కనుగొన్న ఈ మందు గర్భసంచిని ముడవదు, గడ్డకట్టిన రక్తం త్వరగా కరిగిపోకుండా చూస్తుంది. 21 దేశాల్లో 20,060 మంది తల్లులపై జరిగి 2017లో వెలువడిన పరీక్షలో, రక్తస్రావం మొదలైన మూడు గంటల్లోపు దీనిని ఇచ్చినప్పుడు రక్తం పోయి మరణించినవారు 1.7 శాతం నుంచి 1.2 శాతానికి తగ్గారు. ఆలస్యమైన ప్రతి 15 నిమిషాలకూ ప్రయోజనం సుమారు పదో వంతు తగ్గుతుందని, మూడు గంటలు దాటాక ఉండదని కూడా తేలింది.

అంత మేలు చేసే మందును రక్తహీనత ఉన్న తల్లులకు ముందే ఇస్తే బాగుంటుంది కదా అన్న ఆలోచన సహజం. దానిని నాలుగు దేశాల్లో 15,068 మంది రక్తహీన తల్లులపై పరీక్షించారు. 2023లో వచ్చిన ఫలితం నిరాశపరచింది: మందు తీసుకున్నవారిలో 7 శాతం మందికి, తీసుకోనివారిలో 6.6 శాతం మందికి అధిక రక్తస్రావం అయింది, అంటే తేడా లేదు. రక్తం ఆపే మందు అని విని సాఫీగా జరిగిన ప్రతి సాధారణ కాన్పులోనూ దీనిని అడగడంలో అర్థం లేదు.

కంటి అంచనా, రక్తహీనత

ఇంతకీ అధికం అంటే ఎంత? చాలాకాలంగా 500 మిల్లీలీటర్లే గీత. కానీ పక్కబట్టలో, దూదిలో, నేల మీద ఇంకిపోయిన రక్తాన్ని కంటితో అంచనా వేసినప్పుడు, పోయింది ఎక్కువగా ఉన్నకొద్దీ తక్కువగా లెక్కవేయడం అనుభవజ్ఞుల్లోనూ కనిపించే దోషం. బెళగావి పరీక్ష కోసమే తల్లి నడుము కింద పరిచే, కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచిని రూపొందించారు. ఆ తరహా సంచితో కొలుస్తూ, గీత దాటగానే గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్, ట్రనెక్సామిక్ ఆమ్లం, సెలైన్, కారణం కోసం పరీక్ష అన్నిటినీ వరుస కోసం ఆగకుండా ఒకేసారి మొదలుపెట్టే పద్ధతిని నాలుగు ఆఫ్రికా దేశాల్లోని 80 ఆస్పత్రుల్లో, రెండు లక్షలకు పైగా కాన్పుల్లో అమలుచేసి చూశారు. 2023 నాటి ఆ ఫలితాల్లో తీవ్ర పరిణామాలు 4.3 శాతం నుంచి 1.6 శాతానికి పడిపోయాయి. కొత్త మందు ఒక్కటీ లేకుండా వచ్చిన తగ్గుదల ఇది. 2025 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీతనే మార్చింది: 300 మిల్లీలీటర్లు పోయి, నాడి వేగం పెరగడం లేదా రక్తపోటు తగ్గడం వంటి ఏ ఒక్క లక్షణం కనిపించినా చికిత్స ప్రారంభించాలి.

ఆంధ్రప్రదేశ్‌కు ఈ మార్పు ఎందుకు ముఖ్యమో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులు. హిమోగ్లోబిన్ 12 ఉన్న తల్లి అర లీటరు పోయినా నిలదొక్కుకోవచ్చు, 7 ఉన్న తల్లికి అంతకంటే తక్కువే ప్రాణాంతకం కావచ్చు. ఐరన్ మాత్రలు రక్తస్రావాన్ని ఆపవు కానీ తట్టుకునే గడువును పెంచుతాయి. ఆ గడువే పాడేరు నుంచి విశాఖకు ఉన్న సుమారు 110 కిలోమీటర్ల దారిలో తల్లికి మిగిలే ఆధారం.

నిషేధం నేర్పిన పాఠం

పశువులకు దుర్వినియోగాన్ని అరికట్టాలన్న కారణంతో 2018 ఏప్రిల్‌లో కేంద్రం దేశీయ అవసరాలకు ఆక్సిటోసిన్ తయారీని కర్ణాటక యాంటీబయాటిక్స్ అనే ఒకే ఒక్క ప్రభుత్వ రంగ సంస్థకు పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అమలు తేదీ వాయిదా పడుతూ ఉండగానే విషయం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. తల్లుల ప్రాణాలు కాపాడే మందు కొరత ఏర్పడితే పరిణామం ఏమిటన్నది పరిగణించలేదంటూ 2018 డిసెంబరు 14న కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. తర్వాత వ్యవహారం సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. పశువుల పాకలో దుర్వినియోగం నిజమే, దానిని ఆపవలసిందీ నిజమే. అయితే దొంగసరుకు పశువుల పాకకు చేరే దారి, ప్రసవ గదికి మందు చేరే దారి వేర్వేరు. రెండో దారిని ఇరుకు చేస్తే మొదటిది మూతపడుతుందన్న హామీ ఎక్కడా లేదు.

ఆస్పత్రి కాన్పుల తర్వాత మిగిలిన ప్రశ్న

2018–20 మధ్య దేశంలో లక్ష సజీవ జననాలకు 97 మంది తల్లులు మరణించగా ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45, కేరళలో 19. రాష్ట్రంలో నూటికి 96 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. కాబట్టి ఇంటి కాన్పులను ఆస్పత్రులకు మళ్లించడం ద్వారా ఇక సాధించగలిగేది కొద్దే. కేరళతో ఉన్న తేడా ఆస్పత్రి గోడల లోపల, ఆస్పత్రికీ ఆస్పత్రికీ మధ్య దారిలో తీరవలసినది. పైగా రాష్ట్రంలో ప్రతి పది కాన్పుల్లో నాలుగు సిజేరియన్లు. వాటిలో సహజ ప్రసవం కంటే రక్తం ఎక్కువ పోతుంది, తర్వాతి గర్భంలో మాయ పాత కుట్టుకు అతుక్కుపోయే ముప్పూ పెరుగుతుంది. అలా అతుక్కున్న మాయకు ఇంజెక్షన్ జవాబు కాదు, ముందే గుర్తించి రక్తనిధి ఉన్న ఆస్పత్రిలో కాన్పు ఏర్పాటు చేసుకోవాలి.

శ్రీకాకుళం, విజయనగరం, ఏజెన్సీ, ఒడిశా సరిహద్దు నుంచి కూడా తల్లులు చివరికి చేరేది కింగ్ జార్జ్ ఆస్పత్రికే. వచ్చేటప్పటికి ఎంత రక్తం పోయిందో, ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చారో రెఫరల్ చీటీలో ఉంటే ఇక్కడి వైద్యుడు తర్వాతి మందును క్షణాల్లో ఎంచుకోగలడు. బీపీ అంకె లేకపోతే మిథర్జిన్ ఇవ్వవచ్చో లేదో తెలియదు. రక్తస్రావం ఎప్పుడు మొదలైందో రాయకపోతే ట్రనెక్సామిక్ ఆమ్లానికి మూడు గంటల గడువు మిగిలి ఉందో లేదో తెలియదు. బండి ఎక్కించే ముందు సెలైన్‌లో ఆక్సిటోసిన్ పెట్టి పంపడం, దారిలో గర్భసంచిని పట్టి చూడగల సిబ్బంది తోడుండడం ఈ చీటీతో సమానంగా ముఖ్యం.

వార్డులో తోడుగా కూర్చున్న తల్లో అత్తో గమనించవలసినవీ కొన్ని ఉన్నాయి. గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోవడం, నిమ్మకాయంత గడ్డలు పడడం, బాలింత ఒళ్లు చల్లబడి చెమట పట్టడం, కళ్లు తిరుగుతున్నాయనడం, ఊరికే దాహం దాహమనడం, బొడ్డు కింద గట్టిగా గుండ్రంగా చేతికి తగలవలసిన గర్భసంచి మెత్తగా జారిపోవడం. వీటిలో ఏది కనిపించినా తెల్లారాక చెబుదామని ఊరుకోకుండా అప్పటికప్పుడు నర్సును పిలవాలి. ఇంటికి వెళ్లిన తర్వాతి వారాల్లో తగ్గుతూ వస్తున్న స్రావం ఒక్కసారిగా ఎర్రగా పెరిగినా మళ్లీ ఆస్పత్రికే రావాలి, ఎందుకంటే మొదటి రోజు ఇచ్చిన ఇంజెక్షన్ ప్రభావం అప్పటికి ఎన్నడో తీరిపోయి ఉంటుంది.